ఇంజిన్‌కూ గేరుకూ మాత్రమే

సౌదీ కొండల మీది ఖమీస్ ముషైత్‌లో పాత కార్ల వేలం సాయంత్రం నమాజు అయ్యాక మొదలయ్యేది. ఊరి చివర పెద్ద మైదానం. ఒక్కో కారును మెల్లగా నడిపించుకుని మధ్యలోకి తెచ్చేవారు. వేలం వేసేవాడు దాని బానెట్ మీద అరచేత్తో చరుస్తూ ఒకటే మాట అరిచేవాడు. "కూమత్ హదీద్! కూమత్ హదీద్!" ఇనుప కుప్ప అని అర్థం. నేను అమ్ముతున్నది కారు కాదు, ఇనుప కుప్ప, ఇష్టమైతే కొనుక్కో అని అమ్మేవాడు అందరి ముందూ చెప్పేస్తాడన్నమాట. కొనేవాడు సరేనంటాడు. ఆ తర్వాత దారిలో చక్రం ఊడినా, ఇంజిన్ కాలినా అడగడానికి నోరు లేదు. ఇంత నిజాయితీగా మోసం చేసే వ్యాపారాన్ని మా కడప జిల్లాలో నేనెన్నడూ చూడలేదు. నాకది భలే నచ్చింది.

అన్నకు నచ్చలేదు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. కరీంనగర్ దగ్గర ఒక పల్లె మనిషి. మా కంపెనీలో ఎలక్ట్రీషియన్. క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది. నాకంటే బాగా పెద్దవాడు, నాకంటే బాగా నెమ్మది. నేను చిన్నదానికీ పెద్దదానికీ ఎగిరిపడే రకం. నేను ఎగిరిపడ్డప్పుడల్లా "ఊకో తమ్మీ" అనేవాడు. ఆ రెండు మాటలతో నన్ను రెండేళ్ళు కాపాడాడు.

అప్పటికి కువైట్ యుద్ధం అయిపోయి ఏడాదిన్నర కావస్తోంది. యుద్ధం నడిచినన్నాళ్ళూ అక్కడి ఎయిర్ బేస్ చుట్టుపక్కల మా కంపెనీకి చేతినిండా పని, మాకు చెవినిండా విమానాల మోత. అది ముగియగానే పనులూ ముగిశాయి. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, కంపెనీ బస్సు అమ్మేసి కొండల మీది ఊళ్ళలో బడులూ క్లినిక్కులూ కట్టే చిన్న కాంట్రాక్టులు పట్టాడు. ఒకచోట పని నాలుగు రోజులుంటే మరోచోట రెండు రోజులు. సొంత బండి ఉన్నవాళ్ళకే ఆ పనులన్నాడు. లేనివాళ్ళు ఇంటికి పోవచ్చు. అందుకని నేనూ అన్నా కలిసి బండి కొనాలనుకున్నాం.

యుద్ధానికి ముందు సౌదీ ప్రభుత్వం యెమెన్ వాళ్ళను పంపించేసినప్పుడు వాళ్ళు దుకాణాలూ కార్లూ వచ్చినకాడికి అమ్ముకుని సరిహద్దు దాటిపోయారు. ఆ కార్లు చేతులు మారి మారి ఇంకా వేలానికి వస్తూనే ఉండేవి. అలాంటిదొకటి ఆ సాయంత్రం నా కంట్లో పడింది. మేము వేసుకున్న లెక్కలో సగానికే వస్తుంది.

"ఇంజిన్ శబ్దం ఇన్నావా అన్నా? బాగుండాది. ఇంకేం కావల్ల నీకు?" అన్నాను.

"ఖరాబైతే ఎవన్ని అడుగుతవ్?"

"అడిగేదెందుకు? మనమే బాగు చేసుకుందాం."

"ఊకో తమ్మీ. ఈసారి నాకు అడగనీకి ఒక మనిషి ఉండాలె."

ఈసారి అన్న మాట అతను ఊరికే అనలేదు. యుద్ధానికి ముందు అతను కువైట్‌లో ఉండేవాడు. ఇరాక్ సైన్యం వచ్చి పడ్డప్పుడు, తన కార్లో నలుగురు తెలుగువాళ్ళను ఎక్కించుకుని జోర్డాన్ వైపు బయలుదేరాడు. ఎడారిలో పెట్రోలు అయిపోయింది. బండిని రోడ్డు పక్కన వదిలేసి, ఎవరిదో లారీ ఎక్కి, సరిహద్దు శిబిరంలో నీళ్ళ కోసం తన్నుకులాడి, చివరికి మన ప్రభుత్వం పంపిన విమానంలో ఒంటి మీది బట్టలతో ఇల్లు చేరాడు. మళ్ళీ అప్పు చేసి ఈ వీసా మీద వచ్చాడు. ఉద్యోగం పోయింది, రావలసిన జీతం పోయింది, సామాను పోయింది. వాటి గురించి పెద్దగా చెప్పేవాడు కాదు. బండి గురించే చెప్పేవాడు. దిగేముందు దానికి తాళం వేశాడట. "ఎవడన్న ఎత్కపోతడని తాళమేసిన తమ్మీ, చూడు నా తెలివి" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు దుఃఖం వచ్చేది. కోపం కూడా వచ్చేది, ఎవరి మీదో తెలియదు.

అందువల్ల వేలం మానేసి షోరూముకు పోయాం. అక్కడి మేనేజరు పాకిస్తానీ. నున్నగా గడ్డం గీసుకుని, బల్ల మీద అత్తరు సీసా పెట్టుకుని కూర్చునేవాడు. తెల్లటి జపాను కారు చూపించాడు. ధర వింటే నాకు కళ్ళు తిరిగాయి. "ఇంజిన్‌కూ గేరుకూ ఆరు నెలలు గ్యారంటీ భాయ్, ఏమొచ్చినా మాదే బాధ్యత" అన్నాడు హిందీలో. మిగతా వాటికి బాధ్యత లేదు. బాగుచేసేది వాళ్ళ వర్క్‌షాపులోనే. బయటివాడెవడైనా స్పానర్ తగిలించాడా, గ్యారంటీ పోయినట్టే. బండి ఎవరి పేరున ఉందో ఆ మనిషే ప్రతిసారీ తన ఇఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి పుస్తకం, పట్టుకుని స్వయంగా రావాలి.

అన్న ఆ షరతులన్నీ రెండోసారి చెప్పించుకుని విన్నాడు. పెళ్ళి సంబంధం మాట్లాడుకునే పెద్దమనిషిలాగా చేతులు కట్టుకుని తలూపుతూ విన్నాడు. ఆ తర్వాత మేనేజరు చెయ్యి పట్టుకుని, "మాట మీదుండాలె భయ్యా" అని తెలుగులోనే అన్నాడు. అతనికి అర్థం కాకపోయినా ఇన్షా అల్లా అన్నాడు. ఇక నేనేం మాట్లాడతాను?

బండి అన్న పేరున రాయించాం. దానికి వేరే దారి లేదు. నేను సర్వే పని చేసే డిప్లొమా వాణ్ణే గాని, ఏజెంటు తనకు దొరికిన వీసా మీద నన్ను పంపాడు. నా ఇఖామాలో వృత్తి 'ఆమిల్' అని ఉండేది, అంటే కూలీ. కూలీకి లైసెన్సు ఇవ్వరు, కూలీ పేరున బండి పెట్టరు. అన్న ఇఖామాలో టెక్నీషియన్ అని ఉంది. డబ్బు ఇద్దరూ వేసుకుని బండిని అర్హత ఉన్నవాడి ఇఖామా మీద ఎక్కించడం అక్కడ మాలాంటి వాళ్ళందరూ చేసే పనే. రూమ్మేట్ పేరున ఉంటే మన పేరున ఉన్నట్టే అనుకునేవాళ్ళం. అతనికి దానివల్ల ఏమైనా చిక్కు రావచ్చునేమోనని ఎవరికీ తోచేది కాదు. నాకూ తోచలేదు.

కొన్నాళ్ళు బాగా గడిచింది. నిజానికి నా గల్ఫ్ బతుకులో బాగా గడిచాయని చెప్పుకోదగ్గ రోజులు అవే. తెల్లవారి పొగమంచులో అబహా దారిన పోతుంటే రోడ్డు పక్కన కోతులు గుంపులుగా కూర్చుని ఉండేవి. అన్న బండి ఆపి రొట్టెలు విసిరేవాడు. "మన కఫీల్ గూడ గిట్లనే కూసుంటడు" అనేవాడు. డాష్‌బోర్డు మీద మెత్తటి బొచ్చు గుడ్డ పరిచాడు. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు బండితో మాట్లాడేవాడు, "ఇంకొద్దిగ అవ్వా, ఇంకొద్దిగ" అని. నేను పడీపడీ నవ్వేవాణ్ణి.

చలికాలం వచ్చేసరికి అతనికి ఆయాసం మొదలైంది. మెట్లెక్కితే మధ్యలో ఆగేవాడు. "బండి మరిగి కాళ్ళు మర్చిపోయినావన్నా" అని ఆటపట్టించాను. అతనూ నవ్వాడు. రాత్రుళ్ళు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాడని తర్వాత గమనించాను. అదే నెలలో బండి ఘాటు మీద వేడెక్కి తెల్లటి పొగ కక్కింది. షోరూముకు ఫోన్ చేస్తే వాళ్ళే లాగించుకుపోయారు. ఇంజిన్ హెడ్డు పగిలిందట. విప్పి పెట్టారు. కొత్తది జెద్దా నుంచి రావాలి, గ్యారంటీ కిందే వేస్తాం, మీరేం ఇవ్వక్కర్లేదన్నారు. "చూసినవా?" అన్నాడు అన్న నాతో. గెలిచినవాడి ముఖం అది. ఆ రోజు నేను ఓడిపోయినందుకు నిజంగా సంతోషించాను.

తర్వాతి వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు చాలాసేపు చూసి, గుండెలో ఒక కవాటం పాడైందన్నాడు. ఆపరేషన్ చేయాలి, ఇక్కడ మేము చేయలేం, ఈ ఎత్తు ప్రదేశంలో ఎక్కువ రోజులు ఉండటం కూడా మంచిది కాదు, త్వరగా మీ దేశం పంపించండి అన్నాడు. అన్న బామ్మర్దికి ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో ఆసుపత్రి మాట్లాడి పెట్టాడు. భార్యకు చెప్పొద్దన్నాడు అన్న. సెలవు మీద వస్తున్నానని మాత్రమే చెప్పమన్నాడు. ఆమె ఎదురుచూడటం మొదలుపెట్టింది.

కఫీల్ కూడా అడ్డు చెప్పలేదు. జబ్బు మనిషిని పెట్టుకుని ఏం చేస్తాడు? ఫైనల్ ఎగ్జిట్, అంటే మళ్ళీ తిరిగిరాకుండా దేశం విడిచిపోయే ముద్ర, కొట్టి పంపేయమన్నాడు. కఫీల్ తరఫున ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషిని మందూబ్ అంటారు. మా మందూబ్ సూడానీ, మెత్తటి మనిషి. మాకు చాయ్ పోసి, ఇఖామా చూసి, తల అడ్డంగా ఊపాడు.

"నీ పేరు మీద కారుంది. కారు పేరున ఉండగా ఫైనల్ ఎగ్జిట్ పడదు. అమ్మేసి రా. ఒక్కరోజు పని."

ఒక్కరోజు పనే, బండి నడుస్తుంటే. అమ్మాలన్నా, ఇంకొకరి పేరుకు మార్చాలన్నా, చివరికి కఫీల్ పేరుకే మార్చాలన్నా ముందు ఫహస్ కావాలి. బండిని తనిఖీ కేంద్రానికి నడుపుకుంటూ తీసుకెళ్ళి, అన్నీ సరిగ్గా ఉన్నాయని ముద్ర వేయించుకోవాలి. మా బండి ఇంజిన్ విప్పేసి, బానెట్ లేచి, వర్క్‌షాపు మూలన పడుంది. సెలవు మీద పోయేవాడికి కారు అడ్డురాదు కాబట్టి సెలవు మీద పంపమని అడిగాం. తిరిగిరాని మనిషికి సెలవేంటన్నాడు కఫీల్.

ఇక షోరూము చుట్టూ తిరగడం మొదలైంది. బండి అతని పేరున ఉంది కాబట్టి అతనే రావాలి. నేను ఒక్కణ్ణే పోతే మేనేజరు తలెత్తి చూసేవాడు కాదు. టాక్సీలో తీసుకెళ్ళేవాణ్ణి. అన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, వాన కోసం చూసే రైతులా గుమ్మం వైపు చూస్తుండేవాడు. మేనేజరు మర్యాదగానే జెద్దాకు ఫోన్ చేసేవాడు. రేపు. ఎల్లుండి. వచ్చే వారం. సామాను దారిలో ఉంది. సామాను వచ్చింది గాని సైజు వేరేది, వెనక్కి పంపాం. ఒకసారి నాకు ఒళ్ళు మండి, వచ్చీరాని హిందీలో అతని ఏడు తరాలనూ కడిగి పారేశాను. షోరూములో అందరూ చూస్తున్నారు. అన్న నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఆయన మాటిచ్చిండు తమ్మీ. ఎన్కకు పోతలేడు గద."

"మాట కాదన్నా, నీ గుండెకాయ. దాని సంగతేంది?"

"దానికి గ్యారంటీ ఎవడిచ్చిండని అడుగుతవ్" అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే మనిషి వంగిపోయాడు. మేనేజరు లేచొచ్చి నీళ్ళిచ్చాడు.

దారి ఒకటుంది. నేను దాన్ని అప్పటికే కనుక్కున్నాను. తష్లీహ్ అని పాత బండ్లను ముక్కలు చేసే చోటు ఉంటుంది. బండిని వాళ్ళకు వదిలేసి, నంబరు ప్లేట్లు పీకి ట్రాఫిక్ ఆఫీసులో అప్పజెప్తే రికార్డులో బండి చచ్చిపోయినట్టే. పేరు కొట్టేస్తారు. ఫహస్ అక్కర్లేదు. దానికి కూడా అతనే రావాలి, అతనే వేలిముద్ర వేయాలి. లేకపోతే ఎవరినీ అడక్కుండా నేనే చేసి పారేసేవాణ్ణి.

"నా సగం నాకొద్దన్నా. నేను అడిగితే చెప్పుతో కొట్టు. ఇచ్చేద్దాం పా" అన్నాను.

"గ్యారంటీ ఇంక బతికే ఉన్నది. ఇనుప సామాన్లోనికి ఎట్ల ఇయ్యమంటవ్?"

"బండి కోసరం సచ్చిపోతావా? నీకేమైనా పిచ్చి పట్టిందా?"

అన్న మంచం మీద కూర్చుని, ఉబ్బిన పాదాలను చూసుకుంటూ ఉన్నాడు. "ఒక బండి ఇడిసిపెట్టి ఇంటికి పోయిన" అన్నాడు. "అప్పుడు ఊరోళ్ళందరు ప్రాణం దక్కింది సాలన్నరు. నిజమే. గని ప్రతిసారి ప్రాణమొక్కటి పట్టుకోని పోవుడేనా తమ్మీ? సరిగ్గ అమ్మి, పైసలు జేబుల పెట్టుకోని, అందరి లెక్క పోవద్దా నేను?"

ఆ రోజు అతని మీద నాకు వచ్చినంత కోపం ఏ శత్రువు మీదా రాలేదు. రెండు రోజులు అతనితో మాట్లాడకుండా అన్నం వండిపెట్టాను.

ఒక మాట చెప్పాలి. షోరూము వాళ్ళు మాట తప్పలేదు. ఆలస్యం చేశారు, కాళ్ళరిగేలా తిప్పారు, కాని చివరికి జెద్దా నుంచి సామాను వచ్చింది. మేనేజరు తానే క్యాంపుకు ఫోన్ చేసి చెప్పాడు. పైసా తీసుకోకుండా ఇంజిన్ బిగించి ఇచ్చారు. బండిని చూడటానికి వెళ్ళినప్పుడు అన్న మేనేజరును కౌగిలించుకున్నాడు. కొనేవాణ్ణి కూడా మందూబే చూసిపెట్టాడు. ఇక మిగిలింది ఫహస్ ఒక్కటే. అది అయితే పేరు మారుతుంది, పేరు మారితే ముద్ర పడుతుంది, ముద్ర పడితే జెద్దా మీదుగా విమానం. హైదరాబాద్‌లో బామ్మర్ది రోజూ ఫోను దగ్గరే కూర్చుంటున్నాడు.

ఎవరైనా డ్రైవర్ని పెట్టుకుందామన్నాను. "నేనెట్లైన రావాలె గద, నేనే నడుపుత" అన్నాడు. పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తనిఖీ కేంద్రం ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఎండ అప్పుడప్పుడే ఎక్కుతోంది. మేము బారులో చేరి కొద్దికొద్దిగా ముందుకు జరుగుతున్నాం.

"ఇను తమ్మీ" అన్నాడు స్టీరింగు మీద వేళ్ళతో కొడుతూ. "సప్పుడు ఇను. కొత్త బండి లెక్క లేదూ? నువ్వు ఇనుప కుప్ప కొందామంటివి."

"నువ్వు గెలిచినావులే. నోర్మూసుకోని నడుపు."

ఫీజు కట్టే కిటికీ ఎదురుగా ఉంది. కట్టేసి వస్తానని దిగాను. అక్కడ మనుషులు ఎక్కువ లేరు. రసీదు తీసుకుని వెనక్కి తిరిగేసరికి మా బారులోంచి హారన్లు వినపడుతున్నాయి. మా బండి ముందు చాలా ఖాళీ ఉంది. ముందు బండ్లన్నీ వెళ్ళిపోయాయి. మాది కదల్లేదు. వెనకవాళ్ళు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. నిద్రపోయాడా ఏంటి ఈయన అని విసుక్కుంటూ పరుగెత్తాను.

తల సీటుకు ఆనించి ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. భుజం పట్టి ఊపాను. పిలిచాను. అరిచాను. వెనక బండ్లోంచి ఒకాయన దిగివచ్చి, చూసి, తన తలగుడ్డ తీసి అతని ముఖం మీద కప్పాడు. అప్పుడు హారన్లు ఆగాయి. ఇంజిన్ మాత్రం నడుస్తూనే ఉంది, ఎక్కడా తడబడకుండా. చెయ్యి లోపలికి పెట్టి తాళం నేనే తిప్పాను.

సాయంత్రం ఫోన్ చేశాను. బామ్మర్ది ఏడుస్తూ ఫోన్ అతని భార్యకు ఇచ్చాడు. బండిలో పోయాడని మాత్రమే ఆమెకు అర్థమైంది. గుండె సంగతి ఆమెకు తెలియదు కదా.

"గ్యారంటీ ఉన్న బండేనట గద తమ్మీ" అంది. "రంది పడకు, గ్యారంటీ బండే కొన్నమని చెప్పె. గట్లెట్ల గుద్దుకున్నది?"

గుద్దుకోలేదక్కా అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఆమె మాత్రం మళ్ళీ మళ్ళీ ఆ ఒక్కటే అడిగింది.

శవాన్ని పంపడానికి నెల దాటింది. పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం, ఇంటి నుంచి రావలసిన కాగితం, జెద్దాలో మన కాన్సులేటు కాగితం. అన్నిటికీ మందూబే తిరిగాడు. నాకు పని మీద ధ్యాస లేదు. కఫీల్ ఏమీ అనలేదు. బండిని ఆ రోజే పోలీసులు లాక్కెళ్ళి తమ ఆవరణలో పెట్టుకున్నారు. అది ఇంకా అన్న పేరు మీదే ఉంది. అతను స్వయంగా పోతే తప్ప ఇవ్వరు.

ఒక మధ్యాహ్నం మందూబ్ కబురు చేశాడు. వెళ్తే అన్న పాస్‌పోర్టు తెరిచి నా ముందు పెట్టాడు. ఫైనల్ ఎగ్జిట్ ముద్ర. నీలం సిరా ఇంకా కొత్తగా ఉంది. రేపే కార్గోలో పంపిస్తున్నామన్నాడు. ఇంత తేలిగ్గా పడిందా అని నాకు భయం వేసింది. ఎక్కడో ఏదో మిగిలిపోయి, విమానాశ్రయంలో పెట్టెను ఆపేస్తారనుకున్నాను.

"మరి బండి?" అన్నాను. "అది ఇంకా ఆయన పేరు మీదే ఉంది కదా. అమ్మకుండా ఎగ్జిట్ ఎట్లా కొట్టారు?"

మందూబ్ నావైపు జాలిగా చూశాడు. పిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"అది బతికున్నవాళ్ళను అడిగే ప్రశ్న. చనిపోయినవాణ్ణి ఎవరూ అడగరు."